జానెడు జరిగిన మోకు

మత్తయ్యను పోయినసారి గనిగుంత ఒడ్డున, చేతిలో ఆస్పత్రి కాగితంతో నిలబెట్టి వదిలాం. అది చదవనివాళ్ళకు నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. చదివినవాళ్ళు దాటి పోవచ్చు.

తాండూరు స్టేషన్ వెనుక వాడలో ఉండే మత్తయ్య కరణ్‌కోట దారిలోని నాపబండల గనిలో తొమ్మిదేళ్ళు బండ మోశాడు. క్షయ పట్టుకుంది. వికారాబాదు దగ్గర అనంతగిరి గుట్ట మీది ఆస్పత్రిలో పద్నాలుగు నెలలు మంచం మీద ఉన్నాడు. నయమై దిగి వచ్చాడు. పని చేయవచ్చని డాక్టరు రాసిచ్చిన కాగితాన్ని కూలీలతో పని చేయించే గని ముకద్దం బాల్‌రాజ్ తిప్పి తిప్పి చూసి, "కాగితం మంచిగనే ఉన్నది. గిది బండ మోస్తదా?" అన్నాడు.

అని ఊరుకోలేదు, షరతు పెట్టాడు. ముందు ఎనిమిది రోజులు మామూలుగా పని చేయాలి. ఆ తర్వాతి సోమవారం అందరూ చూస్తుండగా గుంత అడుగు నుంచి లారీ దాకా పది బండలు మోయాలి, మధ్యలో దించకూడదు. మోస్తే మత్తయ్యకే కాదు, ఆస్పత్రికి పోయి నయమై వచ్చిన ప్రతివాడికీ పని. దించితే ఎవడికీ లేదు. అదే గని నుంచి పోయిన ఏడుగురు ఆ రోజుకింకా గుట్ట మీదే ఉన్నారు. పోవలసినవాళ్ళు ఎందరో గుంతలో ఉన్నారు. పోతే పని పోతుందని దగ్గును తువ్వాలలో మూట కట్టుకుని బండలు మోస్తున్నారు. మత్తయ్య పది బండలు మోస్తే వాళ్ళు ఆస్పత్రికి పోతారు. మోయకపోతే గుంతలోనే చస్తారు. సంగతి ఇంతే. ఇందులో తిరకాసేమీ లేదు.

షరతు విని మత్తయ్య బెదరలేదు. ఎందుకు బెదరలేదో చెప్పాలి. గుట్ట దిగిన ఆర్నెల్లూ అతను ఒళ్ళు బాగుచేసుకునే పని మీదే ఉన్నాడు. ఎవరూ నేర్పలేదు. మొదటి రోజు రైలుకట్ట పక్కన టెలిగ్రాఫు తీగలు మోసే తార్ కంబం నుంచి తార్ కంబానికి ఉరికాడు. రెండో కంబం దగ్గర కూలబడ్డాడు. మర్నాడూ రెండే. వారానికి మూడయ్యాయి. ఒక కంబం ఉరకడం, ఒక కంబం నడవడం అని తనకు తానే పద్ధతి పెట్టుకున్నాడు. మూడో నెలకు ఇరవై కంబాలు ఆగకుండా ఉరికాడు. ఒక పొద్దున పోలీసు జవాను ఆపాడు.

"ఏం ఎత్కపోతున్నవురా?"

"ఏం లేదు సార్. ఉరుకుతున్న."

"ఎందుకు?"

"ఊపిరి కోసం."

జవాను అతని నడుమూ చంకలూ తడిమి చూసి వదిలేశాడు. తెల్ల బనీను వేసుకున్నవాడు ఉరికితే కసరత్తు, చినిగిన అంగీవాడు ఉరికితే దొంగతనం. పోలీసు యాక్షన్ అయి పదకొండేళ్ళయినా ఈ పద్ధతి మారలేదు.

నాలుగో నెల నుంచి కిరాయి సైకిలు. ముందు కరణ్‌కోట దాకా పోయి రావడం. ఐదో నెలలో ఆస్పత్రికి చూపించుకోవడానికి వికారాబాదు దాకా తొక్కుకుంటూ పోయాడు. సగం పూట పట్టింది. డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి, "రైలు దిగి నడిచి వచ్చావా?" అన్నాడు. "లేదు సార్, తాండూరు కెళ్ళి సైకిలు మీద వచ్చిన. గుట్ట ఎక్కుడుకు మాత్రం దిగి నూకిన." డాక్టరు గొట్టం తీసి, మళ్ళీ పెట్టి విన్నాడు.

బలం కోసం చెన్నయ్య పహిల్వాన్ తాలీంఖానాకు, అంటే కుస్తీ నేర్పే చోటికి పోయాడు. మాదిగవాడలో పుట్టి కిరస్తానీ అయినవాణ్ణి, పైగా క్షయ ఆస్పత్రి నుంచి వచ్చినవాణ్ణి రానివ్వవద్దని ఇద్దరు ముగ్గురు గొణిగారు. చెన్నయ్య, "మట్టి అందరిది, ముంత ఎవనిది వానిది" అని తీర్పు చెప్పాడు. ఆ తీర్పులో సగమే న్యాయం ఉంది. ఆ సగం పట్టుకుని మత్తయ్య లోపలికి పోయాడు. ఐదు దండీలతో మొదలుపెట్టి వంద దాకా వచ్చాడు. బస్కీలు రెండు వందలు. పిడి తొలిచిన రాయి ఛాతీ దాకా లేపడం నేర్చాడు.

ఇక గనిలో ఎనిమిది రోజులు ఎట్లా గడిచాయంటే, సుఖంగా గడిచాయి. బండ ఇంత తేలిక అని మత్తయ్యకే ఆశ్చర్యం. ఇంటికి వచ్చి పెండ్లాం మార్తతో, "పది గాదు, ఇరువై మోస్త" అన్నాడు. మార్త జొన్నరొట్టె తిప్పుతూ ఊఁ కొట్టింది.

శనివారం సాయంత్రం తాలీంఖానాలో దండీలు ముగించి మట్టి దులుపుకుంటుంటే చెన్నయ్య పిలిచాడు.

"జర ఇటు తిరుగు."

తిరిగాడు.

"అటు భుజం సుత చూపియ్యి. బండ మోయవట్టి ఎన్నొద్దులాయె?"

"ఎనిమిది, ఉస్తాద్."

చెన్నయ్య బొటనవేలితో కుడి భుజం మీద గట్టిగా నొక్కాడు. "నొస్తుందా?"

"లేదు."

"నొయ్యాలె" అన్నాడు చెన్నయ్య. "నేను వయసుల స్టేషన్ల బస్తాలు మోసిన. మూడొద్దులకు తోలు లేస్తది. ఐదొద్దులకు నీరు పడ్తది. ఎనిమిదొద్దులకు కాయ కట్టవడ్తది. నీ భుజమేమో పెండ్లిపిలగాని భుజం లెక్కున్నది. నలుగు పెట్టొచ్చు."

పక్కనున్నవాళ్ళు నవ్వారు. మత్తయ్యా నవ్వాడు.

"నవ్వకు. బరువు మాయం గాదు, మత్తయ్యా. నీ భుజం మీద లేదంటె ఇంకెవని భుజం మీదనో ఉన్నట్టు."

మత్తయ్య నవ్వు ఆగిపోయింది. ఎందుకో తెలియాలంటే బండ ఎట్లా మోస్తారో తెలియాలి. బండకు మోకు కట్టి, ఆ మోకును ఒక పొడుగాటి మోతకర్రకు వేలాడదీస్తారు. కర్రకు ముందు ఒకడు, వెనుక ఒకడు. బండ పల్లా జొన్నల బస్తా అంత, అంటే ఇద్దరు మనుషులంత బరువు ఉంటుంది. మోకు సరిగ్గా మధ్యన ఉంటే ఇద్దరికీ సగం సగం. గుంతలోంచి పైకి ఎక్కేటప్పుడు మోకు కిందికి, అంటే వెనుకవాడి వైపు జారుతుంది. జారకుండా వెనుకవాడు ఒక చేత్తో దాన్ని పట్టుకుని ఉండాలి. ముందువాడు దారి చూస్తాడు, వెనుకవాడు మోకు చూస్తాడు. ముందువాడు వెనక్కి తిరిగి చూడడు. చూస్తే అడుగు తప్పుతుంది, ఇద్దరి కాళ్ళూ పోతాయి. గనిలో దిగిన మొదటి రోజే నేర్పే పాఠం అది.

ఎనిమిది రోజులూ ముందు మత్తయ్య. వెనుక అదే గనిలో మోసే జంగప్ప.

సైకిలు తీసుకుని అటునుంచి అటే జంగప్ప ఇంటికి పోయాడు. ఇంకా వెలుతురు ఉంది. జంగప్ప అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పెండ్లాం భాగమ్మ వేయించిన ఉప్పు గుడ్డలో కట్టి అతని భుజానికి కాపడం పెడుతోంది. మత్తయ్యను చూడగానే జంగప్ప తువ్వాల లాక్కుని భుజం మీద వేసుకున్నాడు.

"ఏం తమ్మి, గీయాళ్ళప్పుడు?"

"తువ్వాల తియ్యి."

"ఏందిరా గా మాట? నేనేమన్న కొత్త పెండ్లాన్నా?"

"తియ్యి అన్నా."

జంగప్ప తీయలేదు. భాగమ్మ తీసింది. కుడి భుజం మీద అరచేయి అంత మేర తోలు లేదు. ఎడమ భుజం అంతకన్న కాస్త నయం. మెడ కింద వాచి, నల్లగా నిగనిగలాడుతోంది. పదిహేనేళ్ళుగా కాయ కట్టిన భుజం అది. ఆ కాయే పగిలింది.

"చూసినవు గద" అంది భాగమ్మ. "ఇగ నువ్వన్న చెప్పు. నేను చెప్తె ఇంటలేడు."

"ఎంత జరిపినవు?" అని అడిగాడు మత్తయ్య.

"ఏంది జరిపేది?"

"మోకు. ఎంత జరిపినవు?"

జంగప్ప చేయి చాపి బొటనవేలూ చిటికెన వేలూ ఎడంగా పెట్టి చూపించాడు. "మొదాల్న బెత్తెడు. నీ కాళ్ళు వణుకుతున్నయని తర్వాత జానెడు చేసిన."

"నా కాళ్ళు వణకలె."

"ముంగటోనికి వాని కాళ్ళు కనవడవు. నాకు కనవడ్డయి."

మత్తయ్య అరుగు ముందు నేల మీద కూర్చున్నాడు. ఆర్నెల్ల పరుగు, సైకిలు, దండీలు, రాయి, అన్నీ కలిపి ఎంత బలం వచ్చిందో తనకు తెలుసనుకున్నాడు. ఇప్పుడు ఏమీ తెలియదు.

"నన్ను మోసం చేసినవు" అన్నాడు.

"నిన్ను గాదు. బాల్‌రాజ్‌ను."

"బాల్‌రాజ్‌కు ఏమాయె? వాడు సోమారం సుత మంచిగనే నిలవడ్తడు. పది మోస్త, ఇరువై మోస్త అని ఊరంత చెప్పుకున్నది నేను."

"చెప్పుకుంటె చెప్పుకున్నవు. సోమారం గూడ జానెడు జరుపుత. పది బండలు లారీల పడ్తయి. గుట్ట మీదోళ్ళకు పని దొర్కుతది. నీకింకేం గావాలె?"

"దొంగతనం గాదా?"

ఈ మాటకు జంగప్పకు కోపం వచ్చింది. అతనిది సేడం దిక్కు. కోపం వస్తే ముందు కన్నడం వస్తుంది, వెనుక తెలుగు వస్తుంది. కన్నడంలో అనవలసింది అని, తెలుగులో అందుకున్నాడు.

"పరీక్ష పెట్టినోడు దొంగ. తొమ్మిదేండ్లు నీతోటి బండ మోయించుకున్నప్పుడు ఛాతీ చూసిండా? దుమ్ము మింగిచ్చినప్పుడు డాక్టరు కాగితం అడిగిండా? గిప్పుడు నయమై వస్తె పరీక్షనట. దొంగ పరీక్షకు నిజం చెప్పాల్నా? నువ్వు పెద్ద పాస్టరువు."

జంగప్ప అన్నది నిజమే. నన్నడిగితే నేనూ అదే అంటాను. ఆకలిగొన్నవాడికి పెట్టే పరీక్షలో మోసం చేసినా పాపం లేదు. కానీ మత్తయ్య దగ్గర దానికి ఒక జవాబు ఉంది. అది పాపం గురించి కాదు.

"సరే. సోమారం నీ భుజం మీద నేను గెలుస్త. గుట్ట మీదికెళ్ళి ఏడుగురు దిగొస్తరు. బాల్‌రాజ్ ఏడుగురికీ మోతకర్ర ఇస్తడు. వాళ్ళెన్క ఎవడు నిలవడ్తడు? జానెడు జరిపెటోళ్ళను ఏడుగురిని యాడికెళ్ళి తేవాలె?"

జంగప్ప తువ్వాల మళ్ళీ భుజం మీదికి లాక్కున్నాడు.

"ఒక్కడు సొంతంగ మోయగల్గుతడా లేదా, నాకు అది తెల్వాలె. మోయగల్గితె నిలవడి కొట్లాడుత. లేకుంటె ఆస్పత్రికెళ్ళి వచ్చినోనికి ఆర్నెల్లు తేలిక పని ఇయ్యమని అడుగుత. గది వేరే కొట్లాట. గదన్న నిజం కొట్లాట."

"అడిగితె ఇస్తడా?"

"ఇయ్యడు. అడుగుడైతె ఉంటది గద."

భాగమ్మ ఉప్పు మూట చల్లారిందని మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. పక్కనే చిన్న సీసాలో ఆముదం ఉంది. ఆ సీసా మత్తయ్యకు తెలుసు. మూత లేక గుడ్డపీలిక కుక్కిన సీసా, తన ఇంటి గూట్లోది.

"గిది మా ఇంటిది గద, వదినె."

"మార్తనే తెచ్చిచ్చింది. నాలుగొద్దులాయె."

అంటే మార్తకూ తెలుసు. రొట్టె తిప్పుతూ ఊఁ కొట్టిన ఊఁ ఏమిటో మత్తయ్యకు అప్పుడు అర్థమైంది. లేచాడు.

"రేపు ఆరాధన కాంగనే గనికి రా అన్నా. ఒక్క బండ. మోకు నడుమ కట్టు. నీ భుజం ఓర్వకుంటె చెప్పు, ఇంకొకల్ను పిలుస్త."

"ఇంకొకన్ని పిలిస్తె నీ కాళ్ళిరగ్గొడ్త" అన్నాడు జంగప్ప.

ఆదివారం గని ఖాళీగా ఉంది. మార్త కూడా వెంట వచ్చింది. మొగుడితో నిన్నటి నుంచి మాట లేదు. గుంత ఒడ్డున ఒక బండ ముక్క మీద కూర్చుని చూసింది. జంగప్ప మోతకర్రను జానతో కొలిచి మధ్యలో బొగ్గుతో గీత గీసి, ఆ గీత మీదే మోకు వేశాడు. భుజానికి రెండు మడతల గోనె వేసుకున్నాడు.

లేచారు. లేవగానే మత్తయ్యకు తెలిసింది. ఎనిమిది రోజులూ మోసింది బండ కాదు. ఇదీ బండ. కర్ర భుజం ఎముక మీద కూర్చుంది. ఎక్కుడుబాటలో ఇరవై అడుగులకు తొడలు బిగిశాయి. సగం దారికి ఊపిరి పొట్టి అయింది. పొట్టి అయింది కాని తెగలేదు. పైకి చేరి దించాడు. నిలబడే ఉన్నాడు.

"ఎట్లున్నది?" అన్నాడు జంగప్ప.

"బండ లెక్కున్నది."

"పది మోస్తవా?"

"తెల్వదు."

మార్త ఒడ్డు మీది నుంచే అంది: "తెల్వదనుడే మంచిది. మొన్నటి దాంక తెలుసనుకున్నవు."

"నువ్వెందుకు చెప్పలె?"

"చెప్తె మొదటొద్దే దించి వస్తువు. వచ్చి మంచంల పంటువు. ఆర్నెల్లు ఉరికినోనివి, ఎనిమిదొద్దులన్న సంబురంగ ఉండనీ అనుకున్న." లేచి వస్తూ, "తప్పే" అంది. "జంగన్న భుజం చూసినంక తప్పనే అనిపించింది."

సోమవారం పొద్దున గుంత చుట్టూ అరవై మంది దాకా నిలబడ్డారు. పని ఆపితే ఊరుకోని బాల్‌రాజ్ ఆ రోజు తనే ఆపించాడు. అందరూ చూడాలి కదా. మత్తయ్య గుంతలోకి దిగాడు. జంగప్ప మోతకర్ర అందుకోబోయాడు.

"నువ్వు పక్కకు జరుగు, జంగప్పా" అన్నాడు బాల్‌రాజ్. "నీ భుజం చూస్తె పాపమనిపిస్తున్నది."

బాల్‌రాజ్ గుంతలోకి దిగాడు.

"నాకు తెల్వదనుకున్నరా? ఇరువై ఏండ్లు మోసిన నేను. మోకు జానెడు ఎన్కకుంటె పైకెళ్ళి చూసెటోనికి కనవడదా? ఎనిమిదొద్దులు చూసిన. చూసి నవ్వుకున్న." అంటూనే అంగీ విప్పి పక్కవాడి చేతికి ఇచ్చాడు. బాల్‌రాజ్‌కు ఆ గనిలో జీతం ఉంది, గొడుగు ఉంది, తిట్టే హక్కు ఉంది. అయినా భుజం మీద పాత కాయ అట్లాగే ఉంది. "ఎన్కకు నేనుంట. ముంగట నువ్వు. నడు."

గుంతలో ఉన్న ప్రతివాడికీ దాని అర్థం తెలుసు. వెనుకవాడి చేతిలో మోకు. ముందువాడు తిరిగి చూడకూడదు. ఏడో బండకో ఎనిమిదో బండకో మోకు జానెడు ముందుకు జరిగితే మత్తయ్య దించుతాడు. ఎందుకు దించాడో ఎవరూ రుజువు చేయలేరు. జంగప్ప నోరు తెరిచాడు. మత్తయ్య చేయెత్తి ఆపాడు.

"ముంగట నువ్వుండు సాబ్. ఎన్క నేనుంట."

"ఎక్కుడుకు బరువు యాడికి జారుతదో ఎరుకేనా?"

"ఎరుకే. జారకుండ పట్టుకుంట."

"సోయుండే మాట్లాడుతున్నవా? ఎన్క బలమున్నోడు ఉండాలె."

"గందుకే గద" అన్నాడు మత్తయ్య.

ఒడ్డు మీద ఎవడో నవ్వాడు. నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకింది. బాల్‌రాజ్ కాదనవచ్చు. కానీ కాదంటే, ఆస్పత్రి నుంచి వచ్చినవాడు వెనుక నిలబడతానంటే ముకద్దం వద్దన్నాడని సాయంత్రానికి తాండూరంతా చెప్పుకుంటుంది. అతను కర్ర ముందు కొస దగ్గరికి పోయాడు.

మత్తయ్య బొగ్గు గీత మీద మోకు సరిచేసి ఎడమ చేత్తో పట్టుకున్నాడు. బండ ఎత్తమని పిలుపు ఇచ్చేది వెనుకవాడే. అది గని పద్ధతి.

"లే" అన్నాడు.

ముకద్దం లేచాడు.

మొదటి బండ పోయింది. పైన ఉన్నవాళ్ళు "ఒకటి" అని అరిచారు. రెండు. మూడు. మూడో బండకు మత్తయ్య వేళ్ళ మధ్య మోకు రాపిడికి రక్తం వచ్చింది. మోకు గీత దాటలేదు. నాలుగో బండకు ఊపిరి పొట్టి అయింది. అడుగుకు ఒక ఊపిరి చొప్పున కట్టుకుని ఎక్కాడు.

ఐదో బండ సగం దారిలో ఉండగా బాల్‌రాజ్ వీపు ఒక్కసారి కుంచించుకుంది. కర్ర అదిరింది. బాల్‌రాజ్ నోరు మూసుకుని, లోపలికి మింగుతూ దగ్గాడు. ఒడ్డు మీదివాళ్ళకు వినపడేంత దగ్గు కాదు. కర్ర పొడుగు దూరంలో ఉన్నవాడికి మాత్రమే వినపడేది. మళ్ళీ దగ్గాడు. తువ్వాల కొస నోటికి అడ్డం పెట్టుకుని తుడిచి, మడిచి, నడుములో దోపుకున్నాడు. మడిచే లోపల ఆ కొస ఎర్రగా ఉండటం మత్తయ్య చూశాడు. వెనుక ఉన్నాడు కాబట్టి చూశాడు.

పద్నాలుగు నెలలు ఆ దగ్గు మధ్యే పడుకున్నవాడు అతను. అది క్షయ అని చెప్పడానికి ఏ డాక్టరు కాగితమూ అక్కర్లేదు.

బాల్‌రాజ్ వెనక్కి తిరిగి చూశాడు. ఇరవై ఏళ్ళు మోసినవాడు, ముందు నిలబడి, ఎక్కుడుబాట మధ్యలో తిరిగి చూశాడు. ఇద్దరి కళ్ళూ కలిశాయి.

"దారి చూడు, సాబ్" అన్నాడు మత్తయ్య మెల్లగా.

బాల్‌రాజ్ దారి చూశాడు. పైన ఉన్నవాళ్ళు "ఐదు" అన్నారు.